బేరం కంటే ముందే డబ్బు ఇచ్చేశామా?

ప్రశ్న: మాది గుంటూరు. ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఎకౌంట్స్, కంప్యూటర్ పనులు నేనే చూస్తాను. మా ఓనరు గారికి మిర్చి కమీషన్ వ్యాపారం కూడా ఉంది. బేరం అయ్యాక రైతు చేతికి డబ్బు వెళ్లడానికి ఇన్ని రోజులు ఎందుకు పడుతోందో తేల్చమన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది ప్రాసెస్ మైనింగ్ అని ఒకటుంది, ఎక్సెల్ ఫైలు ఇస్తే ఏ పని తర్వాత ఏ పని జరిగిందో, మధ్యలో ఎన్ని రోజులు పట్టిందో బొమ్మ గీసి చూపిస్తుంది అని డిస్కో అనే సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. స్టాక్ రిజిస్టరు, కాటా మెషీన్ ఫైలు, ట్యాలీలోని చెల్లింపులు మూడూ ఒకదాని కింద ఒకటి అతికించి, మూడు సీజన్లవి ఎక్కించాను. బొమ్మంతా గీతలే. కొన్ని లాట్లకు (రైతు ఒకసారి తెచ్చి పెట్టిన సరుకు ఒక లాట్) బేరం కంటే ముందే డబ్బు ఇచ్చినట్టు వస్తోంది. కొన్ని నాలుగొందల రోజులు నడిచినట్టు వస్తోంది. కొన్ని లాట్ నంబర్లు తేదీలైపోయాయి. రైతుల పేర్లు ప్రశ్నార్థకాలు అయ్యాయి. సోమవారం చూపించమన్నారు, టెన్షన్‌గా ఉంది. సాఫ్ట్‌వేర్ మార్చాలా? కొన్ని వరసలు నమూనాగా పంపుతున్నాను. (పేరు వేయవద్దన్న పాఠకుడు, గుంటూరు)

సమాధానం:

సాఫ్ట్‌వేర్ మార్చకండి. డిస్కో తీసి ఇంకోటి పెట్టినా, ఇదే ఫైలు ఇస్తే ఇదే బొమ్మ గీస్తుంది. మీరు పంపిన వరసలు చూశాను. తప్పు ఫైల్లో ఉంది, సరిదిద్దగలిగిన తప్పే. సోమవారానికి మూడు సీజన్లూ కావు, ఒక్క సీజన్ అవుతుంది. ఆ మాట ఓనరు గారికి ఇవాళే చెప్పేయండి, సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

ఈ రకం సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, దానికి కావాల్సింది మన రిజిస్టరు కాదు. జరిగిన పనుల చిట్టా కావాలి, ఒక్కో పనికి ఒక్కో వరస. ఆ వరసలో మూడు సంగతులు తప్పకుండా ఉండాలి: ఆ పని దేనికి సంబంధించింది, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది. ఫైలు ఎక్కించేటప్పుడు కేస్, యాక్టివిటీ, టైమ్‌స్టాంప్ అని అడిగేది వీటినే. ఎవరు చేశారన్నది రిసోర్స్, అది ఉంటే మంచిదే, లేకపోయినా బండి నడుస్తుంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ యూనివర్సిటీలో విల్ వాన్ డెర్ ఆల్స్ట్ అనే ప్రొఫెసర్ ఈ విద్యను పెంచి పోషించిన రోజుల నుంచీ అడుగుతున్నవి ఇవే. 2016లో ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ ఎక్స్‌ఈఎస్ అనే ఫైలు పద్ధతిని ప్రమాణంగా తెచ్చినప్పుడు దాని లోపలి అమరిక కూడా ఇదే: ఒక కేసు, దాని కింద వరసగా జరిగిన పనులు.

ఈ మూడింట్లో రెండోదీ మూడోదీ కంప్యూటర్ పని. మొదటిది మాత్రం ఆలోచించి తేల్చుకోవాల్సింది. మీ బొమ్మ చెడిపోయింది ముఖ్యంగా అక్కడే.

మీరు లాట్ నంబరును కేస్‌గా పెట్టారు. కోల్డ్ స్టోరేజీలో అందరూ లాట్ నంబరుతోనే మాట్లాడతారు కాబట్టి అది సహజం. కానీ ఓనరు గారు అడిగింది ఏమిటి? కాయ ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, ఎన్నాళ్లు ఉందని కాదు. బేరం అయ్యాక డబ్బు ఎన్నాళ్లకు వెళ్లిందని. అంటే ఆయన ప్రశ్న బేరం దగ్గర మొదలై రైతు చెల్లింపు దగ్గర ఆగుతుంది. మరి మీ నమూనాలోనే చూడండి, 40 టిక్కీల (మిర్చి బస్తాల) లాట్ ఒకటి ఉంది. అందులో 25 టిక్కీలు ఫిబ్రవరిలో ఒక పార్టీ కొంది, మిగిలిన 15 ఏప్రిల్‌లో ఇంకో పార్టీ కొంది. లాట్‌ను కేస్‌గా పెడితే సాఫ్ట్‌వేర్‌కి కనిపించేది ఇదీ: బేరం, కాటా, చెల్లింపు, మళ్లీ బేరం, మళ్లీ కాటా, మళ్లీ చెల్లింపు. ఫిబ్రవరి చెల్లింపు నుంచి ఏప్రిల్ బేరానికి ఒక బాణం గీసి, మధ్యలో రెండు నెలల ఆలస్యం అని రాస్తుంది. అది ఆలస్యం కాదు కదా, రైతు రేటు కోసం ఆగాడు. ఇలాంటి లాట్లు వందల్లో ఉంటే గీతలు అల్లుకుపోక ఏమవుతాయి?

కాబట్టి ఈ పనికి కేస్ పట్టీ నంబరు, అంటే బేరం లెక్క రాసి రైతుకిచ్చే చీటీ నంబరు. ఒక బేరానికి ఒక పట్టీ, ఒక పట్టీకి ఒక కథ. లాట్ నంబరును తీసేయకండి, పక్కన మామూలు కాలమ్‌గా ఉంచండి. రేపు ఓనరు గారు కాయ ఏసీలో ఎన్నాళ్లు మూలుగుతోందని అడిగితే అప్పుడు లాట్‌ను కేస్‌గా పెట్టి వేరే ఫైలు చేసుకోవచ్చు. ఒకే పనిని లాట్‌కీ పట్టీకీ పార్టీకీ ఒకేసారి ముడిపెట్టే కొత్త పద్ధతి ఓసెల్ అని వచ్చింది, దాని రెండో వెర్షన్ 2023లో విడుదలైంది. ఇప్పుడు దాని జోలికి వెళ్లకండి. మీ ప్రశ్నకు అంత అక్కర్లేదు.

కేస్ మారగానే ఫైల్లో సగం బరువు దిగిపోతుంది. ఇన్‌వర్డ్ (సరుకు లోపలికి రావడం), ఛాంబర్‌కి ఎక్కించడం, బాండు (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదు) రాయడం, ఇవన్నీ బేరానికి ముందరివి, తీసి పక్కన పెట్టండి. మిగిలేవి బేరం, కాటా, డెలివరీ, పట్టీ రాయడం, పార్టీ దగ్గర నుంచి డబ్బు రావడం, రైతుకి చెల్లించడం. బాండు మీద బ్యాంకు లోను ఉన్న సరుకైతే బ్యాంకు విడుదల చేసిన తేదీని కూడా ఒక పనిగా చేర్చండి. ఆ తేదీ లేకపోతే బ్యాంకు దగ్గర ఆగిన రోజులు మీ ఆఫీసు ఖాతాలో పడతాయి.

ఇక్కడ మీకు ఒక చిక్కు వస్తుంది. కాటా ఫైల్లో లాట్ నంబరే ఉంటుంది, పట్టీ నంబరు ఉండదు. పట్టీ తర్వాత రాసేది కాబట్టి. పట్టీ పుస్తకంలో లాట్ నంబరు, పార్టీ, టిక్కీల సంఖ్య ఉన్నాయి గనక ఆ మూడింటితో కాటా వరసలకు పట్టీ నంబరు వెతికి తగిలించాలి. లాట్ నంబరు ఒక్కదానితో లుకప్ కొడితే పైన చెప్పిన 40 టిక్కీల లాట్‌లో రెండో కాటా కూడా మొదటి పట్టీకే అంటుకుంటుంది. మూడు కాలమ్స్‌నూ కలిపి ఒకే కాలమ్‌గా చేసుకుని, దానితో వెతకండి. విసుగు పుట్టించే పనే, కానీ ఈ ఒక్కటీ సరిగ్గా చేస్తే మిగతావన్నీ గంటల్లో తేలతాయి.

ఇప్పుడు నాలుగొందల రోజుల సంగతి. మీ లాట్ నంబర్లు ప్రతి సీజన్‌కీ ఒకటి నుంచి మొదలవుతున్నాయి. నిరుటి లాట్‌నీ ఈ ఏటి లాట్‌నీ సాఫ్ట్‌వేర్ ఒకటే అనుకుంది. అన్నీ ఇంతేనని మాత్రం అనుకోకండి, నిరుటి కాయ ఈ ఏడాదికీ ఏసీలో ఉండటం మన దగ్గర మామూలే. తేడా పట్టుకోవడం తేలిక: ఆ లాట్‌లో ఇన్‌వర్డ్ రెండుసార్లు కనిపిస్తే రెండు లాట్లు కలిసిపోయినట్టు, ఒక్కసారే ఉంటే నిజంగానే పాత సరుకు. కేస్‌ను పట్టీకి మార్చినా ఈ బెడద పోదు. పట్టీ నంబర్లు ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, అంటే సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు. అందుకే ఆర్థిక సంవత్సరాన్ని ముందు కలిపి 2425-0318 లాగా రాయండి. రెండు స్టోరేజీలు ఉంటే స్టోరేజీ కోడ్ కూడా. డిస్కోలో రెండు మూడు కాలమ్స్‌ను కలిపి కేస్‌గా గుర్తించే వీలుంది, అయినా ఫైల్లోనే కలిపేసుకుంటే రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లినా పనికొస్తుంది.

బేరం కంటే ముందే డబ్బు ఇచ్చినట్టు రావడం మీకు విచిత్రంగా అనిపించి ఉంటుంది. ఫైలు చూస్తే అందులో రెండు రకాలున్నాయి, రెండూ వేర్వేరు సంగతులు. మొదటి రకం: బేరం మార్చి 5న 11:40కి, చెల్లింపు కూడా మార్చి 5నే. ట్యాలీ వోచర్‌లో తేదీ ఉంటుంది గానీ టైమ్ ఉండదు. టైమ్ లేని తేదీని సాఫ్ట్‌వేర్ ఆ రోజు 00:00 అనుకుంటుంది. అంటే అర్ధరాత్రి డబ్బు పంచేసి, పొద్దున పదకొండున్నర దాటాక బేరం చేశారన్నమాట. మీ చెల్లింపు వరసల్లో టైమ్ అన్నింటికీ సున్నాలే ఉందో లేదో చూసుకోండి, ఉంటుంది.

దీనికి చాలామంది చేసే పని, చెల్లింపులన్నింటికీ 23:59 అని పెట్టేయడం. వరస కుదురుతుంది, కానీ గంటల లెక్క అంతా కల్పితం అవుతుంది. ఓనరు గారు అడిగింది రోజుల లెక్క. అందుకే నా సలహా, అన్నింటి నుంచీ టైమ్ తీసేయండి. ఎక్సెల్‌కి తేదీ అంటే ఒక పూర్ణాంకం, టైమ్ అంటే దాని వెనక దశాంశం. ఇంట్ ఫంక్షన్ వాడితే దశాంశం ఊడిపోయి తేదీ మిగులుతుంది. ఒకే తేదీలో రెండు పనులుంటే ఏది ముందన్న ప్రశ్న వస్తుంది కదా. అలాంటప్పుడు డిస్కో ఫైల్లో ఉన్న వరసనే పాటిస్తుంది. కాబట్టి బేరానికి 1, కాటాకి 2, డెలివరీకి 3 అని ఒక కాలమ్ పెట్టుకుని, పట్టీ, తేదీ, ఆ అంకె, ఈ మూడింటి మీద సార్ట్ చేసి ఆ తర్వాతే ఎక్కించండి. రోజు కంటే తక్కువ తేడాల గురించి మాత్రం ఈ బొమ్మను ఏమీ అడగకండి.

రెండో రకం: బేరం మార్చి 5న, డబ్బు ఫిబ్రవరి 20న. ఇది టైమ్ గొడవ కాదు. కమీషన్ వ్యాపారంలో రైతుకి ముందే అడ్వాన్సు ఇస్తారని నాకంటే మీకే బాగా తెలుసు. ఆ వరసలు తప్పు కావు, పేరు తప్పు. వోచర్‌లో రాసిన వివరణ చూసి, అడ్వాన్సు అయితే యాక్టివిటీని ‘అడ్వాన్సు’ అని మార్చండి, ‘రైతు చెల్లింపు’తో కలపకండి. ఇలాంటివి ఇబ్బందిగా ఉన్నాయని డిలీట్ చేసేస్తే మాత్రం ఓనరు గారు చూడాల్సిన సంగతినే చెరిపేసినట్టు. అడ్వాన్సు తీసుకున్న రైతులకు మిగతా డబ్బు త్వరగా అందుతోందా, ఆలస్యంగానా అన్నది నాకైతే మొదట చూడాలనిపించే ప్రశ్న.

చెల్లింపుల్లోనే ఇంకో రెండు మెలికలు. ఒక పట్టీకి మూడు విడతలుగా ఇస్తే చివరి విడతకు ‘పూర్తి చెల్లింపు’ అని వేరే పేరు పెట్టండి, లేకపోతే మొదటి విడత వెళ్లగానే కథ అయిపోయినట్టు లెక్క వేసుకునే ప్రమాదం ఉంది. ఇక ఒకే ఆర్‌టీజీఎస్‌లో మూడు పట్టీల డబ్బు కలిపి పంపితే ఆ వరసను మూడు పట్టీలకూ కాపీ చేయక తప్పదు. అప్పుడు ఈ ఫైల్లో చెల్లింపులు కూడితే ఆ సొమ్ము మూడుసార్లు లెక్కలోకి వస్తుంది. సొమ్ము లెక్క ట్యాలీలోనే చూసుకోండి, ఇక్కడ రోజుల లెక్క మాత్రమే.

లాట్ నంబర్లు తేదీలైపోవడానికి కారణం ఎక్సెల్. మీరు లాట్‌ను వరస సంఖ్య, గీత, టిక్కీల సంఖ్యగా రాస్తారు. 5/12 అంటే అయిదో లాట్, 12 టిక్కీలు. సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవగానే ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 5 చేస్తుంది. 12/40 ఇంకా తమాషా. నలభయ్యో నెల లేదు కాబట్టి 1940 డిసెంబర్ అనుకుంటుంది, లోపల 14946 అనే అంకెగా దాచుకుంటుంది. 45/60ని మాత్రం ఏమీ చేయలేక వదిలేస్తుంది. అందుకే మీ కాలమ్‌లో కొన్ని తేదీలు, కొన్ని నంబర్లు. ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. మార్చ్1, సెప్ట్2 లాంటి పేర్లున్న మనుషుల జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, ఆ పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో ఏకంగా జన్యువుల పేర్లే మార్చింది.

తేదీ అయిపోయినవాటిని వెనక్కి తిప్పాలని చూడకండి. మే 12 అని కనిపించేది 12/5 కావచ్చు, ఆఫీసులో ఇంకో కంప్యూటర్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే 5/12 కూడా కావచ్చు. అసలు ఫైలు మళ్లీ తీసుకోండి. డబుల్ క్లిక్ చేయకుండా, ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ ద్వారా తెచ్చుకుని, లాట్ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. అలా తెచ్చేటప్పుడు పనిచేసేది ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ, అది తనంతట తాను ‘ఛేంజ్‌డ్ టైప్’ అని ఒక మెట్టు వేసేస్తుంది. దాన్ని తీసేశాకే టెక్స్ట్ చేయాలి, లేదంటే ముందు తేదీ చేసి, ఆ తేదీని టెక్స్ట్ చేస్తుంది. అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో మాట. స్టాక్ రిజిస్టరులో లాట్‌కి ఒక వరస, పక్కన తేదీల గడులు ఉంటే, ఒక్కో గడినీ చేత్తో కాపీ చేసి కిందికి దించారు మీరు. ఆ ఓపికకు దండం పెట్టాలి గానీ, ఒక్క గడి జారితే కింద వాళ్లందరి తేదీలూ పక్కవాళ్లవి అవుతాయి. పవర్ క్వెరీలో అన్‌పివట్ కాలమ్స్ అని ఉంది, తేదీల కాలమ్స్ ఎంచుకుని అది నొక్కితే క్షణంలో ఒక్కో పనికి ఒక్కో వరస అవుతుంది.

తేదీల దగ్గర ఇంకొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇవి చడీచప్పుడు లేకుండా తప్పుతాయి. కాటా మెషీన్ ఫైలు నెల ముందు రాస్తోంది, మీ రిజిస్టరు రోజు ముందు రాస్తోంది. 05-03 అంటే ఒక దాంట్లో మే 3, ఇంకో దాంట్లో మార్చి 5. ఏ నెలలోనైనా 12వ తేదీ వరకే ఇలా తిరగబడగలవు, 13 నుంచి తిరగబడలేవు కాబట్టి ఎర్రర్ ఇస్తాయి, లేదా టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. ఎక్సెల్‌లో కాలమ్ వెడల్పు చేసి చూడండి: నిజమైన తేదీలు కుడివైపుకి, టెక్స్ట్‌గా ఉన్నవి ఎడమవైపుకి అంటుకుని ఉంటాయి. ఒకే కాలమ్‌లో రెండు వైపులా కనిపిస్తే రోజు, నెల కలగాపులగం అయినట్టే. అప్పుడు కుడివైపు ఉన్నవి కూడా నమ్మదగినవి కావు. మూడు ఫైళ్లనూ అతికించక ముందే, ఒక్కోదాన్ని విడిగా సంవత్సరం, నెల, రోజు వరసలోకి, 2025-03-05 లాగా మార్చుకోండి. ఆ రూపంలో ఉన్నదాన్ని ఎవరూ తప్పు చదవలేరు.

డిస్కోలో టైమ్ ఎలా చదవాలో చెప్పే చోట నెలకు పెద్ద ఎం, నిమిషాలకు చిన్న ఎం వాడాలి. 24 గంటల టైమ్‌కి పెద్ద హెచ్, 12 గంటలదానికి చిన్న హెచ్. నెల దగ్గర చిన్న ఎం పడితే ఎర్రర్ ఏమీ రాదు, మీ సీజన్ మొత్తం జనవరిలోనే జరిగినట్టు వస్తుంది. మధ్యాహ్నం రెండున్నర కాటాలు తెల్లవారుజామున కనిపిస్తే హెచ్ తప్పు. అన్నీ సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంటే, పొద్దున 10:15 కాటా 04:45 అని పడితే, ఆ ఫైలు మన టైమ్‌లో కాకుండా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో వచ్చింది. మీకు రోజుల లెక్కే కావాలి కదా అని వదిలేయకండి, యూటీసీలో తెల్లవారుజాము అయిదున్నర లోపు పనులు ముందు రోజుకి వెళ్లిపోతాయి.

యాక్టివిటీ పేర్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మీ నమూనాలో కాటా అన్నది ‘కాటా’, ‘కాటా అయింది’, ‘కాంటా’, చివర ఒక స్పేస్ ఉన్న ‘కాటా ’, ఇలా నాలుగు రకాలుగా ఉంది. సాఫ్ట్‌వేర్‌కి ఇవి నాలుగు వేర్వేరు పనులు, బొమ్మలో నాలుగు డబ్బాలు. పైగా రిమార్క్స్‌లో ఉన్నదాన్ని కూడా కొన్ని వరసల్లో పని పేరు పక్కన చేర్చారు. ‘డెలివరీ తడి కాయ 3 టిక్కీలు వాపసు’ అన్నది ఒక పని పేరు కాలేదు. అన్ని పేర్లనూ ఒక షీటులో రాసి, పక్కన సరైన పేరు రాసి, దాన్ని బట్టి మార్చేయండి. పైన చెప్పిన ఎనిమిది తొమ్మిది పేర్లు మించి ఉండకూడదు. రిమార్క్స్‌ను వేరే కాలమ్‌గా ఉంచుకోవచ్చు గానీ, వాటిలో కామాలు, ఆల్ట్ ఎంటర్‌తో విరిచిన లైన్లు ఉంటే సీఎస్‌వీలో వరసలు విరిగిపోతాయి. తీసేస్తేనే మేలు.

రైతుల పేర్ల సంగతి. తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే పేర్లు పోయినట్టే, ఆ ఫైలు నుంచి తిరిగి రావు. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేయడం వల్ల వచ్చింది ఇది. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని వేరే ఎంపిక ఉంటుంది, అది వాడాలి. అలా కాకుండా నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అవే, ఇలా కనిపిస్తే కంగారు పడొద్దు. పేర్లు భద్రంగానే ఉన్నాయి, చదివే పద్ధతి తప్పింది, ఎక్కించేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది. పాత రోజుల్లో అను ఫాంట్లలో టైపు చేసిన రిజిస్టర్లయితే అవి యూనికోడ్‌లోకి మార్చితే తప్ప ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలుగు కావు.

ఇంత చెప్పి ఇప్పుడు ఇంకోటి చెబుతున్నాను, అసలు ఈ ఫైల్లో రైతు పేరు ఎందుకు? ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్ కాలమ్స్ కూడా మీరు పంపిన నమూనాలో ఉన్నాయి. ఆ ఫైలు నేను తీసేశాను, మీ బావమరిదికి పంపింది ఉంటే తనను కూడా తీసేయమనండి. మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అది లేకపోయినా రైతు ఖాతా నంబరు ఆలస్యానికి కారణం చెప్పదు. రైతు కోడ్, ఊరు, పార్టీ కోడ్, మిర్చి రకం (తేజ, బాడిగ, 341), టిక్కీల సంఖ్య, వీటితో మీ ప్రశ్నకు కావాల్సినంతా వస్తుంది.

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైళ్లలో 65,536 వరసలకు మించి పట్టవు. కొత్త ఎక్సెల్ షీటులో 10,48,576. మీ రిజిస్టరు పాత రకం ఫైలుగా వస్తోంది కాబట్టి చివరి వరస నంబరు ఒకసారి చూడండి. సరిగ్గా 65,536 దగ్గర ఆగి ఉంటే మిగతాది తెగిపోయింది.

ఇవన్నీ చేశాక మొత్తం ఫైలు ఎక్కించొద్దు. పట్టీ పుస్తకంలోంచి ఒక అయిదు పట్టీలు తీయండి: ఒకటి ఒకే రోజులో అయిపోయింది, ఒకటి బాగా ఆలస్యమైంది, ఒకటి అడ్వాన్సు ఉన్నది, ఒకటి విడతల్లో ఇచ్చింది, ఒకటి రెండు బేరాలైన లాట్‌ది. ఆ అయిదింటి కథ చేత్తో కాగితం మీద రాసుకోండి. వాటి వరసలు మాత్రమే ఎక్కించి, సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కేస్‌నూ తెరిచి కాగితంతో పోల్చండి. కలిస్తేనే సీజన్ మొత్తం. అప్పుడు కూడా బొమ్మ వైపు చూడకముందు మూడు అంకెలు చూడండి: కేసుల సంఖ్య పట్టీల సంఖ్యతో కలిసిందా, మొత్తం వరసలు ఎక్సెల్‌లో ఉన్నన్నే ఉన్నాయా, మొదటి తేదీ చివరి తేదీ సీజన్‌లోనే ఉన్నాయా. రాబోయే నెలల తేదీ ఒక్కటి కనిపించినా రోజు, నెల తిరగబడ్డట్టే.

ఇక రోజుల లెక్క. సాఫ్ట్‌వేర్ క్యాలెండర్ రోజులే లెక్కపెడుతుంది. గుంటూరు యార్డుకు శని, ఆదివారాలు సెలవు, వేసవిలో పెద్ద సెలవులు. సెలవులకు ముందు రోజు బేరమై, తెరిచాక డెలివరీ అయితే ఆ రోజులన్నీ ఎవరి నెత్తిన వేయాలి? డిస్కోలో టైమ్‌వార్ప్ అని ఉంది, పని చేయని రోజులు చెబితే లెక్కలోంచి తీసేస్తుంది. అయితే ఒక జాగ్రత్త. కాటాకీ డెలివరీకీ ఆ సెలవులు నిజమే గానీ డబ్బుకి కాదు. నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబర్ నుంచి ఏడాది పొడుగునా రాత్రీ పగలూ నడుస్తున్నాయి. శనాదివారాలు అన్నింటికీ తీసేస్తే చెల్లింపు ఆలస్యం ఉన్నదాని కంటే తక్కువగా కనిపించి ఓనరు గారు సంతోషిస్తారు, రైతు మాత్రం అన్ని రోజులూ ఎదురుచూసే ఉంటాడు. నేనైతే రెండు విధాలా లెక్క తీసి పక్కపక్కన పెడతాను. నిన్నా మొన్నా బేరమై ఇంకా డబ్బు వెళ్లని పట్టీలను సగటులో కలపకండి. పూర్తి చెల్లింపుతో ముగిసినవే ఉండేలా ఫిల్టర్ పెట్టి, మిగిలినవి విడిగా చూడండి.

నిజానికి సోమవారానికి బొమ్మే లేకపోయినా ఫర్వాలేదు. బేరం నుంచి పూర్తి చెల్లింపుకి ఎన్ని రోజులన్నది ఎక్సెల్‌లో ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే వచ్చేస్తుంది. బొమ్మ అవసరమయ్యేది తర్వాత. పార్టీ డబ్బు రాకముందే రైతుకి ఇస్తున్నవి ఎన్ని, వచ్చాక కూడా మీ దగ్గర ఆగుతున్నవి ఎన్ని, పట్టీ రాయడమే లేటవుతున్నవి ఎన్ని అని దారులు విడదీయడానికి. ఆ మూడింటికీ జవాబుదారులు వేర్వేరు మనుషులు కాబట్టి, ఫైలు మీద పూర్తి నమ్మకం కుదిరేదాకా ఎవరి పేరూ ఆ మీటింగులో ఎత్తకండి.

పట్టీ నంబరుకి జోడీ దొరకని కాటా వరసలు కొన్ని తప్పకుండా మిగులుతాయి. వాటిని డిలీట్ చేయకుండా వేరే షీటులో పెట్టి, ఎన్ని మిగిలాయో ఆ సంఖ్య కూడా సోమవారం ఓనరు గారికి చెప్పండి.